ఫైలు తెరిస్తే ప్యాకేజీ దిగాలా? ల్యాబ్ చూసుకుంటున్న మేనల్లుడికి అత్తయ్య ఉత్తరం

పాలకొల్లు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

నాన్నా, నువ్వు పంపిన ప్లాన్ చదివాను. ల్యాబులో 60 మెషీన్లు, ఒక్కోదాంట్లో 128 జీబీ డిస్కు, అన్ని బ్రాంచీల వాళ్లకూ కావలసినవన్నీ వేస్తే పట్టడం లేదు. అందుకని ఒక వర్చువల్ ఫైల్‌సిస్టమ్ (డిస్కు మీద లేని ఫైళ్లను కూడా ఉన్నట్టు చూపించే ఏర్పాటు) పెట్టి, పిల్లలు ఏ ప్రోగ్రామ్ పిలిస్తే దాని ప్యాకేజీ అప్పటికప్పుడు దిగేలా చేస్తానంటున్నావు. చెయ్యి. అమలాపురంలో ఇలాంటివి ఎవరు నడుపుతారులే అని మీ హెచ్‌ఓడీ గారు అన్నారని బెంగ పెట్టుకోకు. కానీ రెండో పేజీలో "ఫైలు కనపడకపోతే వెనకాల ఆప్ట్ ఇన్‌స్టాల్ నడుస్తుంది" అని రాశావు చూడు (ఆప్ట్ అంటే డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో ప్యాకేజీలు దించి వేసే కమాండ్), ఆ వాక్యం మాత్రం కొట్టేయ్. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు నీ ఆలోచనలో ఉన్న బలం ఒప్పుకోవాలి. మనం వేసే సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగాన్ని ఎవరూ ముట్టుకోరు. 2016లో స్లాకర్ అనే పేరుతో కంటైనర్ల (ఒక ప్రోగ్రామును దానికి కావలసినవాటన్నిటితో కలిపి కట్టిన మూటల) మీద ఒక పరిశోధన వచ్చింది. కంటైనర్ మొదలవడానికి పట్టే సమయంలో 76 శాతం ప్యాకేజీలు లాక్కోవడానికే పోతోందని, అలా లాక్కున్న డేటాలో నిజంగా చదివేది 6.4 శాతమేనని అందులో లెక్క తేల్చారు. మన ల్యాబుల్లో డాక్యుమెంట్లు అచ్చుకి కూర్చే టెక్ లైవ్ సంగతి నీకు తెలిసిందే. పూర్తిగా వేస్తే జీబీలకు జీబీలు తింటుంది. ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్ట్ రిపోర్ట్ రాసుకోవడానికి అందులో వాడేది చిటికెడు. కాబట్టి అడిగినప్పుడే దించుకోవడం అనే పద్ధతి సోమరి పద్ధతేం కాదు, తెలివైన పద్ధతే.

నువ్వే మొదటివాడివీ కాదు. జెనీవా దగ్గర సెర్న్ ఉంది కదా, వాళ్లు తమ హాడ్రాన్ కొలైడర్ ప్రయోగాల సాఫ్ట్‌వేర్‌ను ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్ సెంటర్లకు సీవీఎంఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ ద్వారానే అందిస్తున్నారు. ఆ మెషీన్లలో ఒక డైరెక్టరీ కనిపిస్తుంది. దాంట్లో ఎన్నో వెర్షన్ల ప్రోగ్రాములు ఉన్నట్టే ఉంటాయి. డిస్కు మీద మాత్రం ఎవరో తెరిచినవే ఉంటాయి. దీని గురించి మళ్లీ వస్తాను, ఎందుకంటే నా సలహా చివరికి అక్కడికే వెళ్తుంది.

ఇది ఎలా పనిచేస్తుందో నీకు తెలుసు, అయినా నీ కింద పనిచేసే కుర్రాళ్లకి చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. లినక్స్‌లో ఫైలుకు సంబంధించిన ప్రతి పనీ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోని వీఎఫ్ఎస్ అనే పొర గుండా పోతుంది. కింద ఉన్నది మామూలు డిస్కా, నెట్‌వర్క్ డిస్కా అన్నది పైన నడిచే ప్రోగ్రాముకు తెలియదు, తెలియనక్కర్లేదు. 2005లో 2.6.14 కెర్నెల్‌తో ఫ్యూజ్ అనే సదుపాయం వచ్చాక, ఆ కింది భాగాన్ని మామూలు ప్రోగ్రాములా రాసుకునే వీలు దొరికింది. ఎవరైనా ఆ డైరెక్టరీలో ఏదైనా అడిగితే కెర్నెల్ ఆ ప్రశ్నను తెచ్చి నీ డీమన్‌కి (వెనకాల ఎప్పుడూ నడిచే నీ ప్రోగ్రాముకి) ఇస్తుంది. అది జవాబు చెప్పేదాకా అడిగినవాడు ఆగి ఉంటాడు. ఆ ఆగి ఉండే సమయంలోనే నువ్వు ప్యాకేజీ దించుకొస్తావు. అంతే సంగతి.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒక ప్రోగ్రామ్ ఫైలు గురించి అడిగినంత మాత్రాన దానికి ఆ ఫైలు కావాలని కాదు. నీ డీమన్ దగ్గరికి వచ్చే ప్రశ్నల్ని ఒకసారి విడివిడిగా చూడు. లుకప్ అంటే ఈ పేరుతో ఏమైనా ఉందా అని. గెట్ఆట్ర్ అంటే దాని సైజెంత, పర్మిషన్లు ఏమిటి అని. రీడ్‌డిర్ అంటే ఇక్కడ ఏమేం ఉన్నాయి అని. ఈ మూడింటికీ పేర్లూ వివరాలూ చెబితే చాలు. లోపలి సరుకు కావలసింది ఓపెన్, రీడ్ వచ్చినప్పుడే. నీ ప్లాన్‌లో లుకప్ దగ్గరే ఇన్‌స్టాల్ మొదలుపెట్టావు.

అలా చేస్తే ఏమవుతుందో చెప్తాను. పిల్లవాడు ఒక కమాండ్ కొడితే బాష్ అనే షెల్, పాత్‌లో (ప్రోగ్రాముల కోసం చూడాల్సిన చోట్ల జాబితాలో) ఉన్న డైరెక్టరీలన్నీ వరసగా వెతుక్కుంటూ పోతుంది. నీ మౌంట్ (నీ ఫైల్‌సిస్టమ్ కనిపించే డైరెక్టరీ) ఆ జాబితాలో ముందు ఉంటే, ఎక్కడో వెనక డైరెక్టరీలో ఉన్న గ్రెప్ కోసం కూడా ముందు నీ డీమన్‌నే అడుగుతుంది. ట్యాబ్ నొక్కితే ఆ అక్షరంతో మొదలయ్యే పేర్లన్నిటినీ నడిపే ఫైళ్లా కాదా అని ఒక్కొక్కటీ చూస్తుంది. రంగులతో ఎల్ఎస్ పెట్టుకున్నవాడు డైరెక్టరీ చూస్తే ప్రతి ఫైలు వివరమూ అడుగుతుంది. రాత్రిపూట అప్‌డేట్‌డీబీ తన ఇండెక్స్ కోసం మొత్తం చెట్టంతా తిరుగుతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ ప్యాకేజీ అక్కర్లేదు. లుకప్‌కే దించేస్తే తెల్లారేసరికి 128 జీబీ నిండిపోయి ఉంటుంది.

పోనీ ఓపెన్ అయితే నిజమైన అవసరమేనా అంటే, అదీ ఎప్పుడూ కాదు. డెస్క్‌టాప్‌లో ఫైల్ మేనేజర్ ఆ డైరెక్టరీ తెరిస్తే, బొమ్మ వేయడానికి కొన్ని ఫైళ్ల మొదటి కాస్త భాగం చదువుతుంది. బ్యాకప్ ప్రోగ్రామ్ అన్నీ చదువుతుంది. ఎవరో ఒకడు మౌంట్ మీద రికర్సివ్ గ్రెప్ (ప్రతి ఫైలునూ తెరిచి మాట వెతికేది) కొడతాడు, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడు ఉంటాడు. అందుకని బ్యాకప్ జాబితాలోంచీ, అప్‌డేట్‌డీబీ జాబితాలోంచీ ఆ మౌంట్‌ని తీసేయ్. పాత్‌లో దాన్ని చిట్టచివర పెట్టు. ఫైల్ మేనేజర్ పక్క పట్టీలో దాన్ని కనపడనివ్వకు. ఇంత చేసినా గ్రెప్ కొట్టేవాడు కొడతాడు. అందుకే ఒక్కో మెషీన్ మీద కాష్‌కి (దిగిన ఫైళ్లు దాచుకునే చోటికి) గట్టి హద్దు పెట్టాలి.

పాత డెబియన్‌లో ఆటో-ఆప్ట్ అని ఒకటుండేది, మీ తరం చూసి ఉండదు. ఏదైనా ప్రోగ్రాముని దాని కింద నడిపితే, ఆ ప్రోగ్రామ్ తెరవబోయిన ఫైలు లేకపోతే, అది ఏ ప్యాకేజీలో ఉందో ఇండెక్స్‌లో చూసి ఇన్‌స్టాల్ చేసేది. కొత్త సాఫ్ట్‌వేర్ కంపైల్ చేసేటప్పుడు హెడర్ ఫైళ్లు లేవని తల పట్టుకునే మాకు అది చాలా నచ్చింది. కాకపోతే కాన్ఫిగర్ స్క్రిప్ట్ స్వభావం నీకు తెలుసు కదా. అది ఉందా, ఇది ఉందా అని అన్నిటినీ తడుముతుంది. ఉంటే వాడుకుంటుంది, లేకపోతే లేకుండానే కానిస్తుంది. ఆ తడమడాన్ని అవసరం అనుకుంటే, ఎవరూ కోరని లైబ్రరీలు కూడా మెషీన్ మీదికి వస్తాయి. పైగా మామూలుగా కంపైల్ చేస్తే వచ్చే ప్రోగ్రామ్ ఒకటి, దీని కింద చేస్తే వచ్చేది ఇంకొకటి అవుతుంది. నీది ఫ్యూజ్, దానిది వేరే కిటుకు. సమస్య మాత్రం అదే.

దీనికి పూర్తిగా వ్యతిరేకం మిక్‌టెక్. మన పిల్లలు విండోస్‌లో వాడుతుంటారు. డాక్యుమెంట్‌లో ఒక ప్యాకేజీ పేరు రాసి కంపైల్ చేస్తే, లేనిదాన్ని అప్పుడే దించుకుంటుంది. అది బాగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ అడుగుతున్నది టెక్ ఇంజనే. తనకు కావాలని తెలిసే అడుగుతుంది. టెక్టోనిక్ కూడా అంతే. ఫైల్‌సిస్టమ్ అంత కిందికి దిగాక ఆ ఉద్దేశం కనపడదు, ఉత్త ప్రశ్నే కనపడుతుంది. కాబట్టి ఎక్కడైనా ప్రోగ్రామే స్వయంగా అడిగే ఏర్పాటు ఉంటే దాన్నే వాడు, ఫైల్‌సిస్టమ్ దాకా పోకు.

ఇప్పుడు సైజు గొడవ. ఇది చాలామంది గమనించరు. గెట్ఆట్ర్ వచ్చినప్పుడు నువ్వు ఫైలు సైజు చెప్పాలి. ప్యాకేజీ ఇంకా దించలేదు, సైజెక్కడిది? సున్నా అని చెప్పావనుకో, కెర్నెల్ నిన్ను నమ్మేస్తుంది. క్యాట్ కొడితే ఖాళీ వస్తుంది, ప్రోగ్రామ్ నడపబోతే నడవదు. డైరెక్ట్ ఐఓ (చెప్పిన సైజు చూడకుండా ప్రతి రీడ్‌నూ డీమన్‌కే పంపే సెట్టింగ్) పెట్టి తప్పించుకోవచ్చు కానీ దానికి వేరే తలనొప్పులున్నాయి. సరైన దారి ఒకటే: ఫైళ్ల పేర్లు, సైజులు, పర్మిషన్లు, హాష్‌లు (ఫైలు లోపలి సరుకు నుంచి లెక్కగట్టే వేలిముద్రలు) అన్నీ ముందే ఒక కేటలాగ్‌గా తయారుచేసి పెట్టుకోవడం. సీవీఎంఎఫ్ఎస్ చేసేది ఇదే. కేటలాగులు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైళ్లుగా ఉంటాయి. ఎల్ఎస్ కొట్టినా, ట్యాబ్ నొక్కినా జవాబు కేటలాగ్ లోంచే వస్తుంది. తెరిచినప్పుడు మాత్రం ఆ ఒక్క ఫైలూ దాని హాష్ పేరుతో హెచ్‌టీటీపీ మీద దిగుతుంది. గమనించావా, ప్యాకేజీ మొత్తం కాదు, ఆ ఒక్క ఫైలే. నీ ప్లాన్‌లో ఒక ఫైలు కోసం ప్యాకేజీనీ, దాని డిపెండెన్సీలనీ అన్నీ లాగుతున్నావు.

డెబియన్ వాళ్లు కంటెంట్స్ అనే ఇండెక్స్ ఇస్తారు, ఏ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో దాంట్లో ఉంటుంది కదా అంటావేమో. ఉంటుంది. కానీ సైజులూ హాష్‌లూ ఉండవు. ఒకే పేరున్న ఫైలు రెండు మూడు ప్యాకేజీల్లో ఉంటే ఏది ఇవ్వాలో అది చెప్పదు. ఉబుంటులో కమాండ్ లేదని వచ్చినప్పుడు ఈ ప్యాకేజీల్లో ఏదో ఒకటి వేసుకోండి అని సూచన వస్తుంది చూశావా? సూచించి ఊరుకుంటుంది, తనంతట తాను వేయదు. అక్కడ ఆగడంలో వివేకం ఉంది.

ఇక ఆప్ట్ సంగతికి వస్తాను. ఆప్ట్ ఇన్‌స్టాల్ అంటే ఫైళ్లు విప్పడం ఒక్కటే కాదు. ప్యాకేజీలో ఉన్న స్క్రిప్టులు రూట్ అధికారంతో, అంటే మెషీన్ మీద ఏదైనా చేయగల అధికారంతో నడుస్తాయి. కొత్త యూజర్లను చేరుస్తాయి, సర్వీసులు మొదలుపెడతాయి, సెట్టింగులుండే ఎట్‌సీలో ఫైళ్లు మారుస్తాయి. కొన్ని మధ్యలో ప్రశ్నలు అడుగుతాయి, వెనకాల నడుస్తున్నదానికి జవాబు చెప్పేవాడు ఎవడు? ఆప్ట్ కింద అసలు పని చేసే డీపీకేజీకి ఒకటే లాక్, ఒకసారికి ఒకరే వాడగలరు. ఆ టైములో ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుంటే నీ ఓపెన్ దాని వెనక నిలబడాలి. అన్నిటికంటే ముఖ్యం, ఏ అధికారమూ లేని పిల్లవాడు ఒక పేరు కొట్టినంత మాత్రాన మెషీన్ మీద రూట్‌గా ఏదో నడుస్తోంది. ఒక్క అక్షరం తప్పు కొడితే ఇంకో ప్యాకేజీ, దాంతో పాటు ఇంకో సర్వీసు, ఇంకో తెరిచిన పోర్టు. ఇది నడిపే పద్ధతి కాదు నాన్నా.

దాన్ని మించిన చిక్కు ఇంకోటుంది. నీ డీమన్ ఆప్ట్‌ని పిలిచింది. ప్యాకేజీ స్క్రిప్ట్ ఏదో కమాండ్ కోసం పాత్‌లో వెతికింది. పాత్‌లో నీ మౌంట్ ఉంది. ఆ ప్రశ్న మళ్లీ నీ డీమన్ దగ్గరికే వచ్చింది. డీమన్ ఆప్ట్ అయ్యేదాకా ఆగి ఉంది, ఆప్ట్ డీమన్ జవాబు కోసం ఆగి ఉంది. ఇద్దరూ అలాగే ఉండిపోతారు. అప్పుడు డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూసే డీఎఫ్ కొట్టినా అది కూడా వేలాడిపోతుంది. సిస్ కింద ఫ్యూజ్ కనెక్షన్లలో అబార్ట్ అనే ఫైలు ఉంటుంది. దాంట్లో ఏదో ఒకటి రాస్తే ఆ కనెక్షన్ తెగి అందరూ బయటపడతారు. ఈ కిటుకు కాగితం మీద రాసి సర్వర్ రూములో అంటించుకో. డీమన్‌కి ఇచ్చే పాత్‌లో మాత్రం ఆ మౌంట్ ఎప్పుడూ ఉండకూడదు. ఆప్ట్ తీసేసినా ఈ నియమం ఉండాల్సిందే. ప్యాకేజీ మూట విప్పడానికి టార్ కోసమో ఎక్స్‌జెడ్ కోసమో వెతికినా ఇదే కథ.

కాబట్టి నేను చెప్పేది ఇదీ: నీ ఫైల్‌సిస్టమ్ దేన్నీ ఇన్‌స్టాల్ చేయకూడదు. ముందే ఇన్‌స్టాల్ అయి, పరీక్షించి, సిద్ధంగా ఉన్నదాన్ని చూపించాలి, అడిగితే ఇవ్వాలి. ఇన్‌స్టాల్ అనే పని ఒక్క సర్వర్ మీద, నీ చేత్తో, నువ్వు చూస్తుండగా జరగాలి. 60 మెషీన్లకూ అందేది చదవడానికి మాత్రమే పనికొచ్చే ఫైళ్లు. రాసే అధికారం ఉండదు, స్క్రిప్టులు ఉండవు, రూట్ మాటే రాదు.

జీరో ఇన్‌స్టాల్ చరిత్ర ఒకసారి తిరగెయ్యి. థామస్ లియోనార్డ్ అనే ఆయన మొదట్లో దాన్ని అచ్చం నీలాగే ఆలోచించి కట్టాడు. ఇంటర్నెట్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ అంతా ఒక డైరెక్టరీ కింద ఉన్నట్టు కనిపించేది, తాకితే దిగేది. దానికి కెర్నెల్ మాడ్యూల్ కావలసి వచ్చేది. తర్వాత ఆయన ఆ ఫైల్‌సిస్టమ్ పక్కన పెట్టి, ప్రోగ్రామ్ మొదలుపెట్టే ముందే దానికి ఏమేం కావాలో చూసి, దించి, అప్పుడు నడిపే ఇంజెక్టర్ వైపు వెళ్లాడు. ఆ దారి నీకూ పనికిరావచ్చు, కానీ మీ ల్యాబుకి సీవీఎంఎఫ్ఎస్సే సుఖం అని నా ఉద్దేశం. సొంతంగా ఫ్యూజ్ డీమన్ రాయాలని ఉబలాటంగా ఉంటే పిల్లలకి ప్రాజెక్టుగా ఇవ్వు, చక్కగా నేర్చుకుంటారు. ల్యాబ్ దాని మీద నడపకు.

సీవీఎంఎఫ్ఎస్‌లో రాసే సర్వర్‌ని స్ట్రేటమ్ జీరో అంటారు. దాని మీద ట్రాన్సాక్షన్ తెరిచి, ప్రోగ్రాములు వేసి, పబ్లిష్ కొడతావు. అప్పుడు మాత్రమే కొత్త కేటలాగ్ సంతకంతో సహా బయటికి వస్తుంది. సంతకం కేటలాగ్ మీద, హాష్ ఫైలు మీద ఉంటుంది కాబట్టి మధ్యలో మామూలు హెచ్‌టీటీపీ, మామూలు ప్రాక్సీ ఉన్నా భయం లేదు. ఫైలు మారితే హాష్ కుదరదు, క్లయింట్ తీసుకోదు. పబ్లిష్ చేసిన తర్వాత తేడా కొడితే రోల్‌బ్యాక్ చేసి పాత స్థితికి పోవచ్చు. ప్రాక్టికల్ ఎగ్జామ్ రోజు పొద్దున్నే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి కూర్చున్నప్పుడు ఈ ఒక్క సదుపాయం విలువ తెలుస్తుంది. మెకానికల్, సివిల్ వాళ్లకి ద్రవాల ప్రవాహం లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్ లాంటివి కావాలంటే నువ్వు కంపైల్ చేస్తూ కూర్చోకు. యూరప్ వాళ్లు ఈఈఎస్ఎస్ఐ పేరుతో శాస్త్రీయ సాఫ్ట్‌వేర్ అంతా ఇదే పద్ధతిలో అందరికీ తెరిచి ఉంచారు. దాన్ని కూడా పక్కనే మౌంట్ చేసుకోవచ్చు.

అందులో ఏం పెట్టాలన్నది ఇంకో సంగతి. డెబియన్ ప్యాకేజీని తీసుకొచ్చి వేరే డైరెక్టరీలో విప్పితే సగం పనిచేయవు. అవి తమ ఫైళ్లు యూఎస్ఆర్ అనే డైరెక్టరీ కిందే ఉంటాయని నమ్ముకుని తయారైనవి. ఎక్కడ ఉంటాయో పూర్తి దారి ముందే లోపల రాసుకుని తయారయ్యే ప్యాకేజీలు కావాలి. ఈల్కో డోల్‌స్ట్రా 2003లో మొదలుపెట్టిన నిక్స్ ఆ పని శుభ్రంగా చేస్తుంది. ఒక్కో ప్యాకేజీకీ హాష్ ఉన్న సొంత డైరెక్టరీ ఉంటుంది. రెండు వెర్షన్ల పైథాన్ పక్కపక్కనే ఉన్నా కొట్టుకోవు. ఈజీబిల్డ్ కూడా పనికొస్తుంది, అది వెర్షన్ల వారీగా మాడ్యూళ్లు తయారుచేసి పెడుతుంది. ఏది తీసుకున్నా పిల్లలకి వెర్షన్ స్పష్టంగా కనపడాలి. కొత్తదేదో అదే వస్తుంది అనే ఏర్పాటు పెట్టకు. సెమిస్టర్ మధ్యలో జావా జేడీకే మారిపోతే, పోయిన వారం నడిచిన రికార్డు ప్రోగ్రామ్ ఈ వారం నడవదు, తిట్లు నీకు పడతాయి.

డ్రైవర్లు, ప్రింటర్ సంగతులు, సర్వీసుగా నడవాల్సినవి, సెట్‌యూఐడీ (ఎవరు నడిపినా ఫైలు యజమాని అధికారంతో నడవాలనే గుర్తు) కావలసినవి అందులో పెట్టకు. వైర్‌షార్క్‌లో ప్యాకెట్లు పట్టే భాగం అలాంటిదే. అవి మెషీన్ మీదే మామూలుగా వెయ్యి.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. సెర్న్ వాళ్లకు కరెంటు పోదు, మనకు పోతుంది. వాళ్ల ఫైబర్ స్తంభాల మీద వేలాడదు, మనది వేలాడుతుంది. గోదావరికి వరదొచ్చినా, నవంబరులో వాయుగుండం పట్టినా ముందు తెగేది ఆ లైనే. 96 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో కరెంటు ఎన్నాళ్లకి వచ్చిందో మీ అమ్మని అడుగు. వేసవిలో డెల్టా కాలువలు కట్టేసే ముందు ప్రతి ఊళ్లోనూ మంచినీళ్ల చెరువు నింపుకుంటారు కదా, నీ ల్యాబులోనూ అదే పని చెయ్యాలి. అడిగినప్పుడే దించుకోవడం అన్నది కాలేజీ గోడల లోపల జరగాలి. బయటి ఇంటర్నెట్ మీద ఆధారపడే భాగం సర్వర్ దగ్గరే ఆగిపోవాలి. వారం వారం టైంటేబుల్ చూసి, ఆ వారం ల్యాబుల్లో వాడేవి రాత్రిపూట ఒక స్క్రిప్టుతో అన్ని మెషీన్లలోనూ ఒకసారి నడిపించు. అవి కాష్‌లోకి వచ్చేస్తాయి. పొద్దున లైన్ తెగినా క్లాసు ఆగదు.

ల్యాబ్ మొదలైన మొదటి నిమిషం గురించి కూడా ఆలోచించు. సారు ఆక్టేవ్ తెరవండి అంటారు, 60 మంది ఒకేసారి తెరుస్తారు, 60 మెషీన్లూ ఒకే ఫైళ్లు అడుగుతాయి. మధ్యలో ఒక స్క్విడ్ (ఒకసారి తెచ్చిన ఫైలును దాచుకుని అందరికీ ఇచ్చే ప్రాక్సీ) పెట్టు. కొలాప్స్డ్ ఫార్వర్డింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే, ఒకే ఫైలు కోసం వచ్చిన వాళ్లందరి తరఫునా వెనక్కి ఒక్కసారే వెళ్లి తెస్తుంది. స్విచ్ పాతదైతే ముందు దాన్ని గిగాబిట్‌ది చేయించు. డబ్బు అక్కడ పెట్టు, సర్వర్ ర్యామ్ మీద కాదు.

కరెంటు పోయినప్పుడు ఫైలు సగం రాసి ఉంటే? సీవీఎంఎఫ్ఎస్ ఫైలు దిగగానే హాష్‌తో పోల్చి చూసుకుంటుంది. కరెంటు పోయి కాష్ మీద అనుమానం వస్తే పరీక్షించే టూల్ కూడా ఉంది. నీ పిల్లలు సొంతంగా రాసే దాంట్లో మాత్రం ఇది వాళ్లకి గట్టిగా చెప్పు: తాత్కాలిక పేరుతో దించాలి, హాష్ చూడాలి, డేటా నిజంగా డిస్కు మీద పడేలా ఎఫ్‌సింక్ చేయాలి, ఆ తర్వాతే అసలు పేరుకి రీనేమ్ చేయాలి. రీనేమ్ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో అయితే అవిభాజ్యంగా జరుగుతుంది, సగం ఫైలు ఎవరి కంటా పడదు. ఎఫ్‌సింక్ మర్చిపోతే కరెంటు వచ్చాక పేరు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. ఇద్దరు ఒకే ఫైలు ఒకేసారి అడిగితే ఒకరే దించాలి, రెండోవాడు ఆగాలి.

నెట్‌వర్క్ లేనప్పుడు ఏం జవాబు చెప్పాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. ఫైలు లేదు అని చెప్పకు. అందలేదు అని చెప్పు. అంటే ఈనోఎంట్ కాదు, ఈఐఓ. లేదు అని చెప్పావనుకో, షెల్ కమాండ్ నాట్ ఫౌండ్ అంటుంది, పిల్లవాడు పేరు తప్పు కొట్టాననుకుంటాడు. కాన్ఫిగర్ స్క్రిప్ట్ అయితే ఆ లైబ్రరీ లేదని నిర్ణయించేసుకుని అది లేకుండానే కంపైల్ చేసేస్తుంది. ఎర్రర్ రాదు, తప్పు ప్రోగ్రామ్ తయారవుతుంది. ఫ్యూజ్‌లో నెగటివ్ టైమౌట్ అని ఒకటుంది, లేదన్న జవాబును కెర్నెల్ కాసేపు గుర్తుంచుకోవడానికి. అది పెద్దగా పెడితే లైన్ తిరిగొచ్చాక కూడా ఆ ఫైలు లేదనే వస్తుంది. దాన్ని కొన్ని సెకన్లకి మించనివ్వకు.

డీమన్ చచ్చిపోతే వచ్చే మెసేజ్ ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ ఈజ్ నాట్ కనెక్టెడ్ అని ఉంటుంది. పిల్లలు దాన్ని చూసి ల్యాన్ కేబుల్ పీకి మళ్లీ పెడుతుంటారు. కేబుల్‌తో పని లేదు. అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయాలి. నోటీసు బోర్డు మీద రాయించు.

ఆగడం గురించి ఒక మాట. మొదటిసారి పెద్ద ప్రోగ్రామ్ తెరిచినప్పుడు కాసేపు ఏమీ కదలదు. స్క్రీన్ మీద ఏ మాటా రాదు. పిల్లవాడు హ్యాంగ్ అయిందని టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కుతాడు. ఫైల్‌సిస్టమ్‌కి మాట్లాడే నోరు లేదు, ఆ నోరు నువ్వే ఇవ్వాలి. పెద్ద ప్రోగ్రాములకి చిన్న షెల్ స్క్రిప్ట్ తొడుగు వేసి, కాష్‌లో లేకపోతే "మొదటిసారి దిగుతోంది, కాస్త ఆగండి" అని తెలుగులోనే ఒక లైన్ వేయించు. కంట్రోల్ సీ నొక్కితే బయటపడేలా ఉందో లేదో నువ్వే పరీక్షించు. ఆపమన్న ఆ కబురును కెర్నెల్ డీమన్‌కి పంపుతుంది, డీమన్ పట్టించుకుంటేనే ఫలితం.

మొదట వెనక వరసలో ఒక్క మెషీన్ మీద పెట్టు. మౌంట్ మీద ఫైండ్ నడిపి నెట్‌వర్క్ కౌంటర్ చూడు. కేటలాగులు మాత్రమే దిగాలి, ఫైళ్లు దిగితే ఎక్కడో తప్పుంది. తర్వాత ప్రోగ్రామ్ నడుస్తుండగా కేబుల్ పీకు. తర్వాత డీమన్‌ని చంపి చూడు. చివరిగా ప్లగ్ పీకి మళ్లీ పెట్టి, కాష్ పరీక్ష నడుపు. ఈ నాలుగూ అయ్యాకే మిగతా 59. లాగ్ ఫైళ్లు నాకు పంపు, స్క్రీన్ ఫోటో తీసి పంపకు, కళ్లజోడు మార్చాలి, కనపడటం లేదు.

ఆదివారం మామయ్య చించినాడ వంతెన మీదుగా రాజోలు వస్తున్నారు, మీ ఇంటికీ వస్తారు. పాత సర్వర్‌లోంచి తీసిన ఒక టీబీ డిస్కు ఆయనతో పంపుతున్నాను, స్క్విడ్ కాష్‌కి సరిపోతుంది. వేసే ముందు స్మార్ట్ టెస్ట్ (డిస్కు తనను తాను చూసుకునే పరీక్ష) పూర్తిగా నడుపు, చిన్న టెస్ట్ చాలదు. రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై పక్కన పెట్టినవి) పెరుగుతుంటే మొహమాటపడకుండా పక్కన పడేసి, ఒక ఎస్ఎస్‌డీకి ఇండెంట్ పెట్టు.

ఇట్లు,
మీ అత్తయ్య